గడపకు కుడివైపు తిన్నె

మా అమ్మ మా అత్తగారింటికి వచ్చిన రోజు గడప దాటలేదు. నెత్తిమీద మూట, చంకలో చిన్న రాట్నం, చేతిలో సత్తు చెంబు. వీధిలో నిలబడే "పాపా" అని పిలిచింది. నేను లోపల కండెలు చుడుతున్నాను. ఆ గొంతు వినగానే దారం తెంపేసి పరుగెత్తుకొచ్చాను. వచ్చి చూస్తే మూటను మా ఇంటి తిన్నె మీద దించి, దాని పక్కన తాను కూర్చుని, కొంగుతో కాళ్ళ దుమ్ము దులుపుకుంటోంది.

మా అమ్మది హూడి దగ్గర పల్లె. అప్పట్లో హూడి అంటే రాగి చేలు, ఒక చెరువు, దాని కట్ట మీద మేకలు. అక్కడినించి బెంగుళూరు పేటకు రావాలంటే బండి దొరికితే బండి, లేకపోతే కాళ్ళు. మా నాయన ఆ ఏడు వానలకు ముందే పోయాడు. ఉన్న ఒక్క మగ్గాన్నీ చిన్నాయన తన కొట్టంలోకి మోసుకుపోయాడు. ఆ తర్వాత వచ్చిన వానకు ఇంటి వెనకగోడ కూర్చుండిపోయింది. గోడ లేని ఇంట్లో ఒంటి ఆడమనిషి ఎన్నాళ్ళుంటుంది? ఆమెకు నేనొక్కదాన్నే. వస్తే నా దగ్గరికే రావాలి.

కానీ రావడానికి వీల్లేదు. మా నేతవాళ్ళలో కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లి కూతురింట మెతుకు ముట్టకూడదు. చూసిపోవచ్చు, అంతే. మంచినీళ్ళు తాగినా దారిన పోయే మనిషిలాగా వీధిలో తాగి పోవాలి. నాకు పెళ్ళై రెండో ఏడు, ఇంకా కడుపు పండలేదు. ఈ సంగతి మా అత్తకు తెలుసు, నాకూ తెలుసు. మా అమ్మకు మా ఇద్దరికన్నా బాగా తెలుసు, అందుకే గడప దాటలేదు.

మా అత్త వచ్చి గడప లోపల నిలబడింది. గట్టి మనిషి ఆమె. మామ పోయినప్పటినించి రెండు మగ్గాలనూ, కొడుకునూ, తర్వాత నన్నూ ఒంటిచేత్తో నడిపింది.

"ఏం వదినా, ఇంత దూరం వచ్చినావు?"

"ఊరికే వదినా. పాపని చూసి పోదామని."

"చూసినావు కదా."

"చూసినా. కాళ్ళు నొస్తా ఉండాయి. రవ్వంత కూచుంటా."

"కూచో కూచో. జగిలి ఉండేది కూచునేదానికే కదా" అనేసి అత్త లోపలికి పోయింది.

ఆ మాట ఆమె నోటినించే వచ్చింది. నేను దాన్ని కొంగున ముడేసుకున్నాను.

తిన్నెను మేము మాటల్లో జగిలి అనేవాళ్ళం, చుట్టూ కన్నడం మాట్లాడే వీధుల్లో బతికినవాళ్ళం కదా. చిక్కపేట వెనక మా సందులో ప్రతి ఇంటికీ గడపకు అటొకటి ఇటొకటి మట్టి తిన్నెలు ఉండేవి. వాటి మీద జరగని పని లేదు. గంజి పెట్టిన దారం చిలపలు ఆరేది అక్కడే. పిల్లలు పులిజూదం గళ్ళు గీసేదీ, అమ్మలక్కలు పేలు చూసుకునేదీ, కొత్త అల్లుడికి కాళ్ళు కడిగేదీ, పోయినవాణ్ణి కడసారి కూర్చోబెట్టేదీ అక్కడే. చిక్కపేట అంగళ్ళకు బట్టల మూటలు మోసే కూలివాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చి ఎవరి తిన్నె మీద పడితే వాళ్ళ తిన్నె మీద ఒరిగిపోయేవాళ్ళు. వాళ్ళను ఏ ఇంటివాళ్ళూ ఏమీ అనరు. తిన్నె మీద కూర్చున్న మనిషిని లే అనకూడదు, పడుకున్న మనిషిని లేపకూడదు. ఎందుకొచ్చావు, ఎప్పుడు పోతావు అని కూడా అడగకూడదు. ఇంటివాళ్ళు అడగగలిగింది ఒక్కటే: నీళ్ళు కావాలా అని.

సాయంత్రమైంది. మా అమ్మ లేవలేదు. అత్త నన్ను పొయ్యి దగ్గర పట్టుకుంది.

"మీయమ్మ ఎప్పుడు పోతాది?"

"కాళ్ళనొప్పి తగ్గినంక."

"ఎప్పుడు తగ్గుతాది?"

"జగిలి మీద కూచున్నోళ్ళని అది అడగకూడదు కదత్తా."

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. అంతవరకూ నేను ఆ ఇంట్లో ఎదురు మాట అన్నదాన్ని కాదు. కానీ అన్నందుకు విచారపడలేదు. ఇవాళ్టికీ పడలేదు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. మా మగ్గాలు గుంత మగ్గాలు. నేసేవాడు కాళ్ళు గుంతలో పెట్టి, గుంత అంచున మట్టి గట్టు మీద కూర్చుని నేస్తాడు. అంటే పొద్దంతా నడుం దాకా భూమిలో ఉన్న మనిషి. ఇంట్లో మాటా మాటా పెరిగితే పడుగులో అటూ ఇటూ పరుగెత్తే ఆయన నాడె వేగం పెరిగేది. ఆ చప్పుడులో ఏదీ వినపడలేదని తర్వాత చెప్పుకోవడానికి బాగుంటుంది కదా.

మర్నాడు మా అమ్మ చూరు చివర మూడు రాళ్ళు పెట్టి, తాను మూటలో తెచ్చుకున్న రాగిపిండితో తన సంగటి తాను కెలుక్కుంది. మా ఇంటి ఉప్పు కూడా తీసుకోలేదు. రాట్నం ముందు పెట్టుకుని పక్కింటి మగ్గానికి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఆమె చుట్టిన కండెలో దారం చిక్కుపడదని రెండు రోజుల్లోనే సందంతా తెలిసింది. ఒకరు రాగులు, ఒకరు ఊరిబిండి పచ్చడి, ఒకరు చారెడు చెనిక్కాయలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఇంక అత్త ఏమని తప్పు పట్టాలి? ఇంట్లో అడుగు పెట్టలేదు, మెతుకు ముట్టలేదు, తిన్నె మీద కూర్చుంది, అంతేకదా.

అయితే మా అత్తా తక్కువ తినలేదు. లే అనకూడదు సరే, చోటు లేకుండా చేయకూడదని ఎవరన్నారు? పొద్దున్నే చాపేసి ఎండుమిరపకాయలు పోసింది. మా అమ్మ ఒక పక్కకు జరిగింది. గుమ్మడికాయ వడియాలు పెట్టింది. ఇంకాస్త జరిగింది. దారం చిలపలు తెచ్చి పరిచింది. మా అమ్మ తిన్నె అంచున, గోడకు కొట్టిన మేకులాగా మిగిలింది. అలా కూర్చునే మిరపకాయల మీదికి వచ్చే కోళ్ళను తోలుతోంది, వడియాల మీదికి వచ్చే కాకుల్ని తోలుతోంది.

"వడియాలు ఆ పక్క ఇంకా పచ్చిగా ఉండాయి వదినా, తిప్పమంటావా?" అని లోపలికి కేకేసి అడిగేది. అత్త జవాబు చెప్పేది కాదు. సాయంత్రం చూస్తే తిప్పే ఉండేవి.

సామాన్లతో పని జరగదని అత్త మనిషిని తెచ్చింది. మా సందుకు పెద్దమనిషి ఒక తాత ఉండేవాడు. చూపు మందగించి మగ్గం మానేశాడు కానీ, నలుగురిలో ఆయన మాటే మాట. ఎప్పుడూ చిటికెలో ముక్కుపొడుం. అత్త ఆయన్ను పిలిచి, మా తిన్నె మీద మంచి ఎండ వస్తుంది, రోజూ వచ్చి కూర్చొమ్మని చెప్పింది. ఆయన వచ్చాడు. మధ్యలో కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు. పొద్దున సంగటి తిని వస్తే దీపాలు పెట్టేదాకా లేవడు. వచ్చేపోయే వాళ్ళనందరినీ పిలిచి కూర్చోబెట్టుకుంటాడు. వాళ్ళు పొడుం పీలుస్తారు, తుమ్ముతారు. అత్త కడిగి ఎర్రమన్ను పూసిన గోడ మీద ముక్కు చీది చెయ్యి తుడుస్తారు. అత్త లోపలినించి చూస్తూ పళ్ళు నూరుకునేది. ఏం చేస్తుంది? తానే పిలిచింది, తానే లే అనకూడదు. తాను పన్నిన వలలో తానే పడింది పాపం.

నవ్వొచ్చింది నాకు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు లేదు. ఒకరోజు నీళ్ళు తెచ్చి చూస్తే తిన్నె మీద నలుగురు మగవాళ్ళు. మా అమ్మ మూట వీధిలో కింద ఉంది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, నిలబడే, చేత్తో దారం ఉండ చుట్టుకుంటోంది. నన్ను చూసి నవ్వింది.

"కూచుని కూచుని నడుం పట్టేసింది పాపా. నిలబడితే బాగుండాది."

బిందె దించాను. మా గడపకు అప్పటికి మిగిలింది ఎడమ పక్క తిన్నె ఒక్కటే, కుడి పక్కది కూడా ఒకప్పుడు ఉండేది. నేను కాపురానికి రాకముందే వానకు కరిగిపోయిందట. అక్కడ ఒక మట్టి దిబ్బ, దాని మీద పక్కింటి కోడి. ఆ దిబ్బ వంక చూశాను. చిన్నప్పుడు మా ఊళ్ళో మా అమ్మ వెంట మన్ను తొక్కిన కాళ్ళు ఇవి. పొయ్యిగడ్డ కట్టాను, రోలు చుట్టూ గట్టు కట్టాను. తిన్నె కట్టడం ఎంతసేపు?

మన్నుకు దూరం పోనక్కర్లేదు. అవి యుద్ధం రోజులు. పైనించి బాంబులు పడితే జనం దాక్కోవడానికని మా సందు మొదట్లో బయలు నేలలో వంకరటింకరగా కందకాలు తవ్వి, తవ్విన ఎర్రమన్నును పక్కన కట్టలాగా పోశారు. బాంబులు పడలేదు, వానలు పడ్డాయి. కందకాల్లో కప్పలు దాక్కున్నాయి. ఆ మట్టికట్ట మాత్రం సందుకంతా పనికొచ్చింది. పిల్లలు జారుడుబండ చేసుకున్నారు, చాకళ్ళు బట్టలు ఆరేశారు, గడ్డి మొలిస్తే మేకలు ఎక్కాయి. నేను గంప తీసుకుని పోయాను. చాటుగా కాదు, పట్టపగలు.

ఖాకీ బట్టల కావలివాడు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"ఏయ్ అమ్మా! ఆ మన్ను సర్కారుది!"

"గుంత సర్కారుది సామీ. గుంతను నేను ముట్టలేదు."

"మన్నెందుకు తీస్తా ఉండావు?"

"మొన్న వానకు సగం మన్ను మళ్ళీ గుంతలోకే జారిపాయ. నేను తీసకపోతేనే మీ గుంత మిగిలేది."

అతను కందకంలోకి తొంగి చూశాడు. మన్ను జారి సగం పూడిపోయింది, నిజమే. ఇంకోసారి ఈల ఊదాడు. ఎవరూ రాలేదు. సుమ్మనే, ఊరికే గొడవెందుకులే అనుకున్నాడో ఏమో, వెళ్ళిపోయాడు.

గంప మీద గంప. అత్త గుమ్మంలో నిలబడింది.

"ఏందే అది?"

"మన్ను."

"అది కనపడతా ఉండాది. దేనికి?"

"జగిలికి."

"ఎవర్నడిగి కడతావు?"

"కడిగేటప్పుడు, పూసేటప్పుడు ఎవర్నీ అడగలేదు కదత్తా. కట్టేటప్పుడు మాత్రం ఎవర్నడగాల?"

మన్ను నానేసి, రాగిగడ్డి తరిగి కలిపి తొక్కాను. దానికి గంజి కావాలి. పడుగుకు గంజి పెట్టేటప్పుడు సందు పొడుగునా దారాలు సాగదీసి కుంచెతో పట్టిస్తాం కదా, ఆ కుంచెలు కడిగిన నీళ్ళూ, కుండ అడుగున పులిసిపోయిన గడ్డలూ పారబోస్తారు. నేను ఇల్లిల్లూ తిరిగి వాటిని అడిగి తెచ్చాను. గంజి కలిసిన మన్ను ఎండితే రాయిలాగా పట్టుకుంటుంది. అసలే రేషన్ రోజులు, రాగులకు కూడా వరసలో నిలబడే కాలం. అత్తకు మాట దొరికింది.

"జనం గంజికి లేక అల్లాడతా ఉంటే నువ్వు మంటికి పోస్తావా?"

"ఇది తాగు చూద్దాం అత్తా, ఒక్క గుక్క. తాగితే ఇక్కడే నిలిపేస్తా" అని కుండ ముందుకు చాపాను. పులిసిన వాసనకు అత్త ముక్కు మూసుకుని లోపలికి పోయింది. ఎదురింటివాళ్ళు పకపకా నవ్వారు.

నన్ను ఆపాలని చూసింది మా అమ్మే.

"వద్దు పాపా. నా కోసరం నీ కాపురం చెడగొట్టుకోవద్దు. నేను పోతా."

"యాడికి పోతావు? వెనకగోడ లేని ఇంటికా?"

"యాడికో ఒకచోటికి."

"నా కాపురం గోడకు లోపలుండాది. నువ్వు గోడకు బయటుండావు. మధ్యలో ఇంత లావు గోడుండాది. దేనికీ ఏమీ కాదు. నువ్వు ఆ గడ్డి తరుగు."

ఆమె కత్తిపీట తీసుకుంది.

మన్ను తొక్కడం ఒక్కదాని వల్ల కాలేదు. పిక్కలు లాగేశాయి. ఆ మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. మా ఆయన గుంతలోంచి పైకి వచ్చాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, ఒక్క మాట మాట్లాడకుండా మన్నులోకి దిగి తొక్కడం మొదలుపెట్టాడు.

"రేయ్, నువ్వూనా?" అంది అత్త.

"గుంతలో కూచుని కాళ్ళు తిమ్మిరెక్కినాయిమా. కొంచెం ఆడిస్తా ఉండా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

వరస మీద వరస వేసి, ఒక్కో వరసా ఎండనిచ్చి, బట్టలు ఉతికే చెక్కతో బాది పైకి లేపాను. పైన చివర, గోడ వైపు, ఏటవాలుగా ఒక దిమ్మ కట్టాను. పడుకుంటే తల ఆనడానికి. ఎడమ తిన్నెకు అది లేదు. మా అమ్మ చెయ్యి వేసి చూసింది.

"ఇదేందే?"

"దిండు. కరగదు, ఎవురూ ఎత్తకపోలేరు."

పైన ఎర్రమన్ను అలికి, అంచున మా అమ్మ చేత్తోనే ముగ్గు వేయించాను. ఆమె మూట తెచ్చి దాని మీద పెట్టుకుని కూర్చుంది. ఎడమ తిన్నె మీద పొడుం తాత, కుడి తిన్నె మీద మా అమ్మ. మధ్యలో గడప, గడపలో అత్త.

అత్త ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు గడ్డపార తెచ్చి గోడకు ఆనించింది. సందులో నలుగురిని పిలిచి, తాతను పంచాయితీ చెప్పమంది.

"తాతా, ఇల్లు నాది. నా మాట లేకుండా నా గోడకు జగిలి కట్టింది. వియ్యపురాలు వీధిలో కాపురం పెట్టిందని నలుగురూ నవ్వతా ఉండారు. రేపు అల్లుడు అత్తను సాకుతా ఉండాడంటారు. మీరే న్యాయం చెప్పండి. ఇది పగలగొట్టాల, ఆయమ్మ ఊరికి పోవాల."

చూడండి, అంతా ఒక్క మాటలో వచ్చేసింది. ఆ తిన్నె నిలిస్తే మా అమ్మ ఉంటుంది. తిన్నె పోతే మా అమ్మకు భూమ్మీద చోటు లేదు.

తాత లేచాడు. "ఉండమ్మా, ముందు చూడాల కదా" అని కట్టె ఆనించుకుంటూ కుడి పక్కకు వచ్చాడు. కట్టెతో తిన్నెను తట్టాడు. ఖంగుమంది. చేత్తో తడిమాడు. మా అమ్మ గబగబా లేచి పక్కన నిలబడింది. ఆయన కూర్చున్నాడు. కాళ్ళు పైకి పెట్టాడు. "ఇదేంది, ఇక్కడ ఎత్తుగా ఉండాదే" అని ఆ దిమ్మకు తల ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. న్యాయం ఆలోచిస్తున్నాడని అందరూ ఊరకున్నారు.

కాసేపటికి గుర్రు వినపడింది.

పంచాయితీకి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త ముందుకు వంగింది. ఆమె చెయ్యి తాత భుజం దాకా పోయింది. ఎదురింటి ఆమె "అక్కా, జగిలి మీద నిద్రపోయినోళ్ళని లేపేది లేదు కదా?" అంది. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. నీడ గోడ దిగింది, వీధి మధ్యకు వచ్చింది. కొందరికి మగ్గాలు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. కొందరు ఖాళీ అయిన ఎడమ తిన్నె మీద కూర్చున్నారు. అత్త మాత్రం గడ్డపార పక్కన అలాగే నిలబడింది. మొండితనంలో మేమిద్దరం ఒక్క నూలే, అది నాకు ఆ రోజు తెలిసింది.

తాత లేచి కళ్ళు నులుముకున్నాడు.

"ఏమప్పా, ఇంతమంది ఉండారు? ఏందీ గలాటా?"

"మీరే పంచాయితీ చెప్తారని..."

"ఓ, అదా." పొడుం తీశాడు, పీల్చాడు. ఇరుపక్కలా నొప్పించకుండా చెప్పడం ఆయన వాడుక. "సరే. ఉగాది దాకా ఉండనీ. ఉగాది కాగానే ఆయమ్మ ఊరికి పోవాల, జగిలి పగలగొట్టుకోండి. ఇద్దరి మాటా నిలబడతాది."

అందరూ తలూపారు. అత్త కూడా ఊపింది. మా అమ్మ సరేనని నోరు తెరిచింది. నేను ముందు అందుకున్నాను.

"ఒప్పుకోను తాతా."

సందులో అంతమంది మగవాళ్ళ ముందు కోడలిపిల్ల గొంతు. మగ్గం చప్పుడు మళ్ళీ ఆగింది.

"మీరు ఆ పక్క జగిలి మీద ఇన్నాళ్ళు కూచున్నారు. ఎప్పుడు లేస్తారని మా అత్త మిమ్మల్ని అడిగిందా?"

"లేదే."

"ఇప్పుడు ఈ జగిలి మీద నిద్రపోయినారు. ఎవురన్నా లేపినారా?"

"లేదు."

"మీకు లేని గడువు మాయమ్మకేల?"

నేను పోయి గడ్డపార చేతిలోకి తీసుకున్నాను. బరువైన గడ్డపార అది, రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది.

"పగలగొట్టమంటే పగలగొడతా. కట్టింది నేనే కాబట్టి నేనే పగలగొడతా. కానీ ముందు ఆ పక్కది పగలగొడతా. కూచున్నోళ్ళకి గడువు పెట్టే ఇంటికి జగిలి ఏల? రెండూ ఉండాల, లేదంటే రెండూ ఉండకూడదు. చెప్పండి."

ఎడమ తిన్నె మీద కూర్చున్నవాళ్ళు ఎందుకైనా మంచిదని లేచి నిలబడ్డారు. ఆ తిన్నె మా మామ చేత్తో కట్టింది. అత్త మొహం పాలిపోయింది. తాత అత్త వంక చూశాడు, నా వంక చూశాడు, తాను తల ఆనించిన దిమ్మ వంక చూశాడు.

"గడ్డపార లోపల పెట్టించమ్మా" అన్నాడు అత్తతో. "నీ కోడలు అనేది ధర్మమే. నువ్వు నన్ను లేపలేదు. ఆయమ్మనూ లేపొద్దు."

ఆ తర్వాత అత్త మా అమ్మతో మాట్లాడటం మానేసింది. మాట్లాడాల్సి వస్తే కోడితో మాట్లాడేది. "ఈ మిరపకాయలు ఆ పక్క పోస్తే బాగా ఎండతాయి, ఎవురన్నా చూసుకుంటే బాగుణ్ణు" అని కోడికి చెప్పేది. మా అమ్మ కోడికే జవాబిచ్చేది: "పోయమను, చూసుకుంటా." ఇలా ఒక కోడి నెత్తిన రెండు ఇళ్ళ వ్యవహారం నడిచింది. తాత మధ్యాహ్నం నిద్రకు కుడి పక్కకు, పొడుం పీల్చడానికి ఎడమ పక్కకు మారేవాడు. ఉగాది వచ్చింది, పోయింది. ఎవరూ దాని పేరెత్తలేదు.

వానలొచ్చాయి. సందులో చాలా తిన్నెల బుగ్గలు కరిగి జారాయి. మాదీ వీధి వైపు ఒక మూల జారింది. నేను మన్ను కలిపేలోపల చూస్తే అక్కడ ఒక పాత గోనె కప్పి, పైన రాయి పెట్టి ఉంది. ఎవరు పెట్టారని అడగలేదు. ఆ గోనె మా ఇంటి నూలు మూటదే.

ఆ వానల్లోనే నాకు నెల తప్పింది. ఏడో నెల రాగానే సందంతా ఒకటే మాట. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, దీని పుట్టిల్లు ఏదీ అని. అత్త మొదటిసారి మెత్తగా మాట్లాడింది.

"ఆ కూలిపోయిన ఇంటికి నిన్ను పంపను. ఇక్కడే, లోపలి గదిలో కాన్పు కానీ. ఎవురేమన్నా నేను చెప్పుకుంటా."

"మొదటి కాన్పు పుట్టింట్లోనే అత్తా. ఆచారం తప్పకూడదు."

"నీ పుట్టిల్లు యాడుండాదే?"

గడప బయటికి, కుడి పక్కకు చెయ్యి చూపాను.

"నేను కట్టుకున్నా కదా. అదే."

తిట్టింది. ఏడ్చింది. వీధిలో కంటావా, సిగ్గులేదా అంది. నొప్పులు మొదలైన తెల్లవారుజామున మా ఆయన చూరుకు చాపలు కట్టాడు, చాపలకు లోపల మగ్గం మీది పంచెలు కట్టాడు. గది అయింది. మంత్రసాని వచ్చింది. మా అమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ దిమ్మకు వీపు ఆనించి నేను కాళ్ళు తన్నుకుంటుంటే, చాప తోసుకుని అత్త లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తిడుతూనే పట్టుకుంది. ఎండ పడేటప్పటికి ఆడపిల్ల పుట్టింది. సందులో వింటున్నవాళ్ళందరికీ బిడ్డ ఏడుపు ఒకేసారి వినపడింది. మా సందులో అందరికీ తెలిసేటట్టు పుట్టిన పిల్ల నా కూతురే.

పురుడు వెళ్ళిన రోజు అత్త తలంటుకుని, కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడింది. కోడితో కాదు, నేరుగా మా అమ్మతో మాట్లాడింది.

"ఇంగ బిడ్డ పుట్టె కదా వదినా. మెతుకు ముట్టొచ్చు. మూట తీసుకుని లోపలికి రా."

సందంతా చూస్తోంది. ఇన్నాళ్ళ పోరాటం ఇందుకే కదా, ఇంక గెలిచినట్టే కదా అనుకున్నాను. మా అమ్మ రాట్నం ఆపలేదు.

"పిలిచినావు, అంతే చాలు వదినా. నాకు ఇక్కడ బాగుండాది. నాది నాకుండాది. బిడ్డకు నీళ్ళు కాగినాయి, ఇక్కడికే తీసుకురండి, ఇక్కడే పోద్దాం."

అత్త లోపలికి పోతుందని నేను అనుకున్నాను. పోలేదు. గడప దాటి, కుడి పక్కకు వచ్చి, మొట్టమొదటిసారి ఆ తిన్నె మీద కూర్చుంది. చీర మోకాళ్ళ పైకి లాక్కుని, బిడ్డకు నీళ్ళు పోయడానికి కాళ్ళు బారచాపింది. చేతులు చాపి "ఇట్లివ్వు" అంది.

నేను బిడ్డను ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టాను. మా అమ్మ రాట్నం పక్కకు జరిపింది. అత్త వంక చూసి, ఇంటావిడ తిన్నె మీది మనిషిని అడిగినట్టే అడిగింది:

"నీళ్ళు కావాలా వదినా?"